నవ్వించు బిడ్డలు

గడచిన నెల ఈ పుటలలో మేము వానకాలపు పచ్చళ్ల జాగ్రత్తలనుగూర్చి వ్రాసినదానికి సోదరీమణులు పలువురు జాబులు వ్రాసిరి. వానికి సమాధానములు వచ్చు నెలకు నిలిపియుంచి, ఈ మాఱు మా యింటిలోనే తలయెత్తిన యొక చిక్కును మీ ముందఱ పెట్టుచున్నాము. ఇది మా యింటిది మాత్రమే యైనచో వ్రాయకపోదుము. సెల్‌ఫోను లేని యిల్లు అరుదైన యీ దినములలో, మాటకారియగు బిడ్డ గల ప్రతి తల్లికిని ఇట్టి చిక్కు నేడో ఱేపో రాక తప్పదు.

మా రెండవ కుమారునికి తొమ్మిదవ యేడు. వాడు నోరు మూసికొని యుండుట మేమెఱుగము. పాఠశాల వార్షికోత్సవమున పరమానందయ్య శిష్యులలో నొకని వేషము వేసి సభవారినెల్ల కడుపుబ్బ నవ్వించెను. ఆ సభలో మావారి పినతల్లి కుమారుడు కూర్చుండి యుండెను. ఆ చిరంజీవి పట్టణమున స్నేహితులతో గూడి హాస్యకథలను చిన్న చిన్న భాగములుగా తీసి యూట్యూబులో పెట్టుచుండును. వెబ్ సిరీస్ అని పిలుచునది ఇదియే. నాటకమువలె రాత్రియెల్ల మేలుకొని చూడనక్కఱలేదు, సినిమావలె టిక్కెట్టు కొననక్కఱలేదు. అన్నము వార్చుచు ఒక భాగము, బట్టలు మడత పెట్టుచు ఒక భాగము చూచి నవ్వుకొనవచ్చును. మేమును చూచినవారమే.

మఱునాడు మా మఱది వచ్చి, "వదినా, వీణ్ణి నాకు పది ఆదివారాలు ఇవ్వండి. భాగానికి మూడువేలు చేతిలో పెడతాను" అనెను. పిల్లవాడు గంతులు వేసెను. మా అత్తగారు మురిసిపోయి, "మీ మామగారు చిన్నప్పుడు లవుడి వేషం కట్టి పద్యం అందుకుంటే ఊరు ఊరంతా కదిలి వచ్చేది. అది తప్పయితే ఇదీ తప్పే" అనిరి. మా పెద్దమ్మాయి కళాశాల రుసుము చెల్లింపవలసిన గడువు దగ్గఱపడుచుండెను. పది భాగములకు ముప్పదివేలు. బడిపంతులు గారి యింట ముప్పదివేలనగా నేమో ఎఱుగని సోదరి ఈ పత్రిక చదువరులలో నుండదు. మావారు మాత్రము, "ఒక ఆదివారం చూద్దాం" అని యూరకుండిరి.

ఆ ఆదివారము మేమును వెంట పోయితిమి. కథ యేమనగా, పిల్లవాడు బెల్లపుముక్క దొంగిలించి పాఱిపోవుచు పశువుల తొట్టియొద్ద బురదలో బోరగిల పడవలెను. వెనుక తఱుముచున్న తండ్రి వేషగాడు చీపురుతో రెండు తగిలింపవలెను. మొదటి మాఱు మావాడు పడినప్పుడు తానును నవ్వెను. వెలుతురు చాలలేదని రెండవ మాఱు పడుమనిరి. ఎవరో కెమెరాకు అడ్డు వచ్చెనని మూడవ మాఱు. ఏడవ మాఱు పడినప్పుడు వాని కన్నుల నీళ్లు తిరిగెను. అంతట ఆ కుఱ్ఱవాండ్రు, "ఇదే బాగుంది, ఇదే ఉంచుదాం" అని చప్పట్లు కొట్టిరి. వారు దుర్మార్గులు కారు. పిల్లవానికి ఐస్‌క్రీము కొనిపెట్టిరి, బండిమీద నింటికి చేర్చిరి. వారికి తట్టలేదు, అంతే.

ఆ రాత్రి మోకాళ్లకు కొబ్బరినూనె రాయుచుండగా వాడు, "అమ్మా, వాళ్లు నవ్వింది నా మాటకా, నేను పడ్డందుకా?" అని యడిగెను. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు మేము వెదకికొన్న జవాబు.

చిన్ననాట మా తండ్రిగారు మమ్ము బడికి పంపకపోయినను, అరుగుమీద కూర్చుండబెట్టి కావ్యములు చెప్పిరి. అందు భరతముని హాస్యరసమును ఆత్మస్థమనియు పరస్థమనియు రెండుగా విభజించెనని విన్నది జ్ఞప్తికి వచ్చినది. తాను నవ్వినచో ఆత్మస్థము, ఇతరులను నవ్వించినచో పరస్థము. మొదటి మాఱు బురదలో పడినప్పుడు మావాని హాస్యము రెండు విధముల హాస్యమును గూడ. ఏడవ మాఱు పరస్థము మాత్రమే మిగిలినది. నవ్వించువానికి నవ్వు లేకపోయినది.

ఇట్లు ఆలోచించుచుండగా మావారు మాకు అమెరికా దేశపు నటుడగు మెకాలే కల్కిన్ కథ చెప్పిరి. తరువాత మేమును చదివి తెలిసికొంటిమి. ఆతడు 1980వ సంవత్సరము ఆగష్టు 26వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడుగురు బిడ్డల తల్లియగు ఆ యిల్లాలు టెలిఫోను కార్యాలయమున పనిచేసెడిది. తండ్రి చర్చిలో పరిచర్యకుడు. ఇఱుకైన యింట అందఱును కాపురముండిరి. బాలుడు పసితనముననే రంగస్థలమెక్కెను.

1990వ సంవత్సరము నవంబరులో "హోమ్ అలోన్" అను హాస్యచిత్రము వచ్చినది. క్రిస్మస్ పండుగకు పారిస్ నగరమునకు పోవు తొందరలో ఒక పెద్ద కుటుంబము ఎనిమిదేండ్ల బాలుని ఇంటిలో మఱచిపోవును. ఇద్దఱు దొంగలు ఆ యింట జొరబడజూతురు. బాలుడు వేడి చేసిన తలుపుపిడి, మెట్లమీద నీరు పోసి కట్టించిన మంచు, పైనుండి వ్రేలాడదీసిన రంగుడబ్బాలు మున్నగు ఉపాయములచే వారిని ముప్పుతిప్పలు పెట్టును. ఈ చిత్రము ప్రపంచమంతట 47 కోట్ల డాలర్లకు పైగా గడించినది. చిత్రము తీయునాటికి కల్కిన్ వయస్సు తొమ్మిదేండ్లు, మావాని యీడే. 1992లో రెండవ భాగము వచ్చునప్పటికి లోకమున ఆ బాలుని ముఖమెఱుగనివారు అరుదైరి.

తెరమీద ఇంటివారు మఱచిన బాలుడు, తెరవెనుక ఇంటివారికి క్షణమైన మఱపురాని యాధారమైనాడు. చిత్రమువెంట చిత్రము కుదిరినది. అలసితినన్నను విశ్రాంతి దొరకలేదని పెద్దవాడైన పిమ్మట ఆతడే చెప్పెను. 1994లో, పదునాలుగవ యేట, ఇక చాలునని నటన మానుకొనెను. మామూలు పిల్లలవలె బడికి పోవలెనని వాని కోరిక. 1995లో తలిదండ్రులు విడిపోయిరి. బిడ్డలనుగూర్చి వారికి న్యాయస్థానమున వివాదము నడిచినది. అప్పుడు ఆ బాలుడు తన సొమ్మునకు సంబంధించిన నిధిపత్రమునుండి తలిదండ్రులిరువురి పేళ్లును తీసివేయించి, లెక్కలు చూచుటకు వేఱొకరిని ఏర్పాటు చేయించుకొనెను. కన్నవారి చేతినుండి తన సంపాదనను కాపాడుకొనవలసిన దుఃస్థితి ఏ బిడ్డకును రాకూడదు. ఇది చదివినప్పుడు మా కన్నులయెదుట కళాశాల రుసుము చీటి మెదలినదని దాచక చెప్పుచున్నాము.

ఇంతవఱకు తెలిసినదంతయు విచారకథయే. ఇక మేము చెప్పదలచినది దీని తరువాతి ముచ్చట. 2015వ సంవత్సరము డిసెంబరులో, జాక్ డిషెల్ అను సంగీతకారుడు "డ్రైవర్స్" అను హాస్య వెబ్ సిరీస్ ప్రారంభించెను. అద్దె కారెక్కిన యొక ప్రయాణికునికి తారసిల్లు వింత చోదకుల కథలవి. మొదటి భాగము కొన్ని నిమిషములది మాత్రమే. అందులో కారు నడపువాడు కల్కిన్. అప్పటికి ఆతనికి ముప్పదియైదేండ్లు. జుట్టు పెరిగి, బట్టలు నలిగి, నిద్రలేని కన్నులతో నుండును. కారు నడుపుచునే ప్రయాణికునితో తన గోడు వెళ్లబోసికొనును. చిన్ననాడు పండుగపూట నన్నొక్కనినే యింట వదలి అందఱును పోయిరి, దొంగలు వచ్చిరి, ఆ బట్టతలవాడు నేటికిని కలలోకి వచ్చుచున్నాడు అని వాపోవును. పాత చిత్రముపేరు ఎక్కడను చెప్పడు. చెప్పకయే చూచువారికందఱికిని తెలియును. చివర నొక దొంగ యెదురగుటతో వాని పాతబుద్ధి మేల్కొనును. ప్రయాణికుడు భయపడును, చూచువాడు నవ్వును. కొలది దినములకే పాత చిత్రమున దొంగ వేషము వేసిన డానియల్ స్టెర్న్ కూడ, ఆ బాలుడు వచ్చుచున్నాడని వణకుచు ఒక చిన్న జవాబుచిత్రము తీసి పెట్టెను.

మేము దానిని రెండు మాఱులు చూచితిమి. మొదటి మాఱు నవ్వితిమి, రెండవ మాఱు ఆలోచించితిమి. తొమ్మిదేండ్ల బాలుడు దొంగల నెదిరించుట చూచి లోకమెల్ల నవ్వినది. నిజముగా నొక బిడ్డకు అట్లు జరిగినచో వాడు జన్మమంతయు ఉలికిపడుచుండునని ఎవరికిని తోచలేదు. ఇరువదియైదేండ్లకు ఆ మాట చెప్పినవాడు ఆ బాలుడే. అయినను ఏడ్చుచు చెప్పలేదు, నిందించుచు చెప్పలేదు. నవ్వించుచు చెప్పెను. తన పసితనపు వేషమును తానే మఱల ధరించి, ఇది నాది, దీనిని చూచి నవ్వు అధికారము మొదట నాది అన్నట్లు నిలిచెను. ఆ దినమున ఆతని చేయి పట్టి లాగికొనిపోయినవారు లేరు. చాలునన్నచో ఆపగలవాడు. ఆత్మస్థహాస్యము మఱల వాని చేతికి వచ్చినది. దానికి పాతికయేండ్లు పట్టినది.

ఆ తరువాత 2018లో ఒక గూగుల్ ప్రకటనలో పెద్దవాడైన ఆ బాలుని వేషమునే మఱల కట్టెను. 2023వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన హాలీవుడ్ వీథిలో ఆతని పేర నక్షత్రఫలకము వేసిరి. ఆ సభలో ఆతనినిగూర్చి మాటలాడినది చిత్రమున ఆతని తల్లి వేషము వేసిన కాథరీన్ ఓహారా. ముందువరుసలో ఆతని ఇరువురు పసికుమారులు ఉండిరి. ఇది మేలైన ముగింపే. కాని బాల్యమున వేషము కట్టిన ప్రతి బిడ్డకును ఇట్టి ముగింపు దొరకదు.

దీనికి నూఱేండ్లనాటి నిదర్శనము జాకీ కూగన్. 1921లో చార్లీ చాప్లిన్ తీసిన "ది కిడ్" అను మూకీచిత్రమున ఆ పసివాని కంటినీరు చూచి లోకమెల్ల కరగినది. బాల్యమున ఆతడు లక్షల డాలర్లు ఆర్జించెను. యుక్తవయస్కుడైన పిమ్మట చూచుకొనగా సొమ్ము దాదాపుగా లేదు. తల్లియు, సవతితండ్రియు వ్యయపఱచిరి. 1938లో ఆతడు కన్నతల్లిమీదనే వ్యాజ్యము వేయవలసివచ్చెను. చిక్కినది 1,26,000 డాలర్లు మాత్రమే. ఆ యన్యాయము చూచి కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1939లో బాలనటుల సొమ్ము కాపాడుటకు చట్టము చేసిరి. దానిని నేటికిని కూగన్ పేరనే పిలుతురు. ఇప్పుడు ఆ చట్టముప్రకారము బిడ్డ యార్జనలో నూటికి 15 వంతులు బిడ్డపేరనే నిలువ చేయవలెను. ఆ కూగనే 1964లో "ది ఆడమ్స్ ఫ్యామిలీ" అను టెలివిజను హాస్యధారావాహికలో నున్నని తలతో ఫెస్టర్ మామగా వచ్చి మఱియొక తరమును నవ్వించెను. చిన్ననాడు ఏడ్పించినవాడు పెద్దనాడు నవ్వించెను. సొమ్ము మాత్రము తిరిగి రాలేదు.

మన దేశమున ఇట్టి చట్టము లేదా యని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. ఉన్నది. బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, 2017లో నియమములు చేసిరి. బడికి పోవు బిడ్డ చిత్రములలో నటింపవచ్చును గాని, దినమునకు ఐదు గంటలకు మించి పని చేయింపరాదు. విశ్రాంతి లేకుండ మూడు గంటలకు మించరాదు. తీయువారు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను. వరుసగా 27 దినములకు మించి పని చేయింపరాదు. ఆర్జనలో నూటికి 20 వంతులకు తక్కువ కాకుండ బిడ్డపేర జాతీయబ్యాంకులో నిలువ వేయవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, బిడ్డ యిష్టమునకు విరుద్ధముగ పాల్గొనజేయరాదు. ఇవి పెద్ద సినిమాలకు మాత్రమే యనుకొనరాదు. దృశ్యశ్రవణ వినోదమేదైనను నియమము నియమమే. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమువారు ఇంకొక యడుగు ముందుకు వేసి, ఇంటిలో తలిదండ్రులే బిడ్డలను చిత్రించి యంతర్జాలమున పెట్టి ధనము గడించినచో అందు బిడ్డకు భాగముండవలెనని చట్టము చేసి, 2024 జూలై నుండి నడుపుచున్నారు.

మా అత్తగారు లవుని వేషము మాట యెత్తిరి గదా. మేము వారి మాటనే పట్టుకొని ఆ సాయంకాలము ఉత్తరకాండము తీసితిమి. కుశలవులు రాముని యజ్ఞవాటికలో పాడుటకు పోవునప్పుడు వాల్మీకి వారికి చెప్పిన మాటలెవ్వి? ముందు పండ్లు తినుడనెను. దినమునకు ఇరువది సర్గలు మాత్రమే పాడుడనెను. ధనమున కాశపడకుడు, ఆశ్రమవాసులకు ధనముతో పనియేమి యనెను. రాముడు పదునెనిమిదివేల సువర్ణములిప్పింపబోగా ఆ బాలురు పుచ్చుకొనలేదు. ఇది చదివి వినిపించి, "చూచితిరా అత్తయ్యా, బిడ్డలచేత పాడించుట తప్పని ముని యనలేదు. ఆకలి చూచెను, అలుపు చూచెను, హద్దు పెట్టెను, డబ్బు మాట ముందే తేల్చెను. మన చట్టము చెప్పునదియు ఇంతే గదా" అంటిమి. వారు వెంటనే యేమియు ననలేదు. కొంతసేపటికి, "మీ మామగారికి ఆ వేషానికి ఏం ఇచ్చారో మా అత్తగారు ఎన్నడూ చెప్పలేదు" అని మాత్రము అనిరి.

మఱునాడు మావారును మేమును కూర్చుండి ఒక కాగితముమీద వ్రాసితిమి. అనుమతి తెచ్చుకొనవలెను. సెలవుదినములలో మాత్రమే, భోజనము విశ్రాంతి కలిపి చూచుకొని, ఐదు గంటలలోపల. పడుట, దెబ్బలు తినుట రెండు మాఱులకు మించరాదు. వచ్చిన సొమ్ములో ఐదవవంతు గాదు, అంతయు వానిపేరనే బ్యాంకులో వేయవలెను. వాడు చాలునన్నచో చాలును. నాలుగవ మాట వ్రాయునప్పుడు మా చేయి ఒక్క క్షణము ఆగినది. మావారు గమనించియు గమనింపనట్లు ఊరకుండిరి. అమ్మాయి రుసుమునకు మా రెండు గాజులు తాకట్టు పెట్టితిమి. బంగారము విడిపించుకొనవచ్చును.

మా మఱది కాగితము చదివి నవ్వి, "వదినా, ఇది పెద్ద కంపెనీలకు. మేం నలుగురం స్నేహితులం" అనెను. మేము ఒక్క మాట గూడ తగ్గింపలేదు. ఆతడు చిన్నబుచ్చుకొని పోయెను. తరువాత వచ్చిన పండుగకు మా యింటికి రాలేదు. పిల్లవాడు రెండు దినములు మాతో మాటలాడలేదు. మూడవ దినమున అన్నము తినుచు, "పెద్దయ్యాక నేనే వేస్తాను, అప్పుడు మీరు కాగితం రాయక్కర్లేదు" అనెను. అక్కఱలేదని యొప్పుకొంటిమి. అప్పుడే, నాటి రాత్రి వాడడిగినదానికి జవాబు గూడ చెప్పితిమి. "మొదటిసారి నీ మాటకే నవ్వారు. తరువాత పడ్డందుకు నవ్వారు. ఆ తేడా నీకు తెలిసింది, వాళ్లకు తెలియలేదు" అంటిమి. వాడు ఆలోచించి, "మొదటిసారి నేను కూడా నవ్వాను" అనెను.

మేము చేసినది సరియే యని గొప్ప చెప్పుకొనుటలేదు. వానికి నిజముగా నేర్పు గలదు. ఒక మంచి యవకాశము తప్పించితిమేమో యను శంక మనస్సులో నున్నది. కాని బిడ్డ నేర్పు ఎక్కడికిని పోదు, కల్కిన్ నేర్పు పాతికయేండ్లకు గూడ పోలేదు గదా. బాల్యము మాత్రము ఆగదు.

మొన్న మా పెద్దమ్మాయి సెల్‌ఫోనులో ఆ బెల్లపుముక్క భాగము చూపినది. వేఱొక వీథిలోని బాలుడు మావాని వేషము వేసినాడు. చక్కగా చేసినాడు. వాడు బురదలో పడగానే మేమును నవ్వితిమి. నవ్వు నోటనుండగనే, ఇది యెన్నవ మాఱో యని తోచినది. ఆ బాలుని తల్లిని మేమెఱుగుదుము, శుక్రవారములలో కోవెలలో కనబడును. మా కాగితమునకు ఇంకొక ప్రతి వ్రాసి, పైన చట్టపు నియమములను విడివిడిగా చేర్చి, కుంకుమభరిణెతోబాటు చేతిసంచిలో పెట్టుకొని పోయి ఆమెకిచ్చితిమి. ఆమె అక్కడనే నిలువబడి చదివి, "వాడు ఆ రాత్రి నిద్రలో ఉలిక్కిపడ్డాడు అక్కయ్యగారూ, ఎందుకో అనుకున్నాను" అనినది.

మీ యిండ్లకును ఇట్టి పిలుపు రావచ్చును. వచ్చినప్పుడు బిడ్డను వెంటనే పంపకుడు, వెంటనే వలదనకుడు. ఒక్క ఆదివారము ప్రక్కన నిలువబడి చూడుడు. ఆ రాత్రి కాళ్లకు నూనె రాయుచు వాడేమడుగునో వినుడు.